నల్లగీతల కింద పేర్లు

జులేఖా మార్కాపురంలో, పలకల ఫ్యాక్టరీల వెనకున్న వీధిలో పుట్టి పెరిగింది. తండ్రి మొహిద్దీన్ బాషా రాయి కోసే మిషన్ దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా బూడిద రంగు పొడి ఉండేది. ఆమె హైస్కూల్లో ఉన్నప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది, పరీక్షల్లో టీబీ అని తేలింది. మందులిచ్చే మనిషి సైకిలు మీద ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వీధిలో మొహిద్దీన్లు ముగ్గురున్నారు. ఎవరు ఎవరో తెలియక పంపు దగ్గర నిలబడి, "టీబీ మొహిద్దీన్ ఇల్లు యాడమ్మా?" అని అడిగాడు.

పాపం, అతను మంచివాడే. మందులు ఒక్క రోజు కూడా తప్పకుండా తెచ్చాడు. జబ్బు నయమైంది కానీ ఆ పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. అక్క తరన్నుమ్‌కు కుదిరిన సంబంధం మాటామంతీ లేకుండా వెనక్కి పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తరవాత జులేఖా డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది. పెళ్ళయింది. భర్త అఫ్రోజ్‌కు మార్కాపురంలోనే బైకు సీట్లు కుట్టే దుకాణం ఉంది. ఇప్పుడామె గిద్దలూరు వైపు ఒక మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ మండలం పేరు మనకు అవసరం లేదు. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం. ఆఫీసులో ఆమెకొక అలవాటు ఉంది. ఎవరైనా డాక్టరు చీటీయో సర్టిఫికెట్టో తెచ్చి బల్ల మీద పెడితే, వెంటనే దాన్ని బోర్లా తిప్పుతుంది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళ కళ్ళు ఎక్కడికి పోతాయో ఆమెకు బాగా తెలుసు.

ఆ ఏడు మాఘం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో కాటమరాజు దగ్గర నుంచి ఒక దరఖాస్తు వచ్చింది.

కాటమరాజు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సొంత ఊళ్ళో కాస్త మిరప, కాస్త కంది వేసుకుంటూ, మిగతా కాలమంతా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడుతుండేవాడు. ఆయన అడగబట్టే ఊరికి సైడు కాలువ వచ్చింది. ఆయన అడగబట్టే చెడిపోయిన బోరింగుకు రెండుసార్లు బిల్లు పెట్టిన సంగతి బయటపడింది. ఆయన కవరు వచ్చిందంటే ఆఫీసులో అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు. ఈసారి ఆయన అడిగింది ఊరూరి పింఛన్ల జాబితా. ఎవరికి, దేని కింద ఇస్తున్నారో పేర్లతో సహా కావాలి.

అడగడంలో తప్పు లేదు. ఎవరికి ఇస్తున్నారో ఊరికి తెలియాలి కూడా. కానీ ఆ జాబితాలో వృద్ధులు, వితంతువులు, వికలాంగులే కాకుండా జబ్బుల మీద పింఛను తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అందులో హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నవాళ్ళున్నారు. వాళ్ళ డబ్బు ఎవరి చేతి మీదా కాకుండా నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ పేర్లు బయటికి పోకూడదని చట్టమే చెబుతోంది.

జులేఖాకు ఆ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమే జాబితా ప్రింటు తీసి, ఆ వరసల మీద నల్ల మార్కరుతో గీతలు గీసింది. ఒకసారి కాదు, రెండుసార్లు గీసింది. గీసిన కాగితాన్ని మళ్ళీ జిరాక్సు తీసి, ఆ జిరాక్సు ఇవ్వాలని ఆమెకు తెలుసు. అయితే ఆఫీసు మిషను కాగితాలు నములుతోంది. గడువు ఆ రోజుతో ముగుస్తోంది. ఎంపీడీవో ఒంగోలు మీటింగుకు బయల్దేరుతూ, వాకిట్లో జీపు ఆగి ఉండగానే నిలబడి సంతకం పెట్టి, "ఇచ్చేయమ్మా, ఆయన మళ్ళీ అప్పీలుకు పోతాడు," అని వెళ్ళిపోయాడు. కాటమరాజు వచ్చి, ఆ గీసిన కాగితాలనే లెక్క చూసుకుని, అందినట్టు సంతకం చేసి, సంచిలో పెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ఇది జరిగింది. ఫైలు కోసం అట్లాగే గీతలు గీసి ఉంచిన ఇంకో ప్రతి బల్ల చివర, కిటికీ పక్కన ఉంది. గాలికి పై కాగితం లేచి కిటికీ ఊచలకు ఆనింది. వెనక నుంచి ఎండ పడింది. నల్లటి గీత మధ్యలో, ఇంకా నల్లగా, అక్షరాలు లేచి నిలబడ్డాయి.

జులేఖా మూత చేతిలో అట్లాగే పట్టుకుని లేచింది. కాగితం తీసి రెండు చేతులతో వెలుగుకు ఎత్తి చూసింది. పేరు, భర్త పేరు, ఊరు, దేని కింద ఇస్తున్నారో ఆ మాట. అన్నీ చదవొచ్చు. పైగా గీత గీసింది ఆ వరసల మీదే కాబట్టి, ఎక్కడ వెతకాలో తనే వేలు పెట్టి చూపించినట్టయింది.

కుర్చీలో కూర్చుని ఎంపీడీవోకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మీటింగులో ఉన్నట్టున్నాడు. కాటమరాజుకు చేద్దామని నంబరు తీసి ఆగింది. ఫోన్లో ఏమని చెబుతుంది? "ఆ కాగితం ఎండకు పెట్టి చూడొద్దు" అని చెబితే పెట్టి చూడమన్నట్టే. "మీకిచ్చిన కాగితాల్లో పొరపాటుంది" అంటే, ఆయన వెంటనే ఆ పొరపాటేందో వెతకడం మొదలుపెడతాడు. ఆయన పుట్టిందే అందుకు.

బయట అటెండరు పాల్ రాజు బండి తుడుచుకుంటున్నాడు. "అన్నా, కాటమరాజు గారి ఊరికి పోవాల. ఇప్పుడే," అంది.

పాల్ రాజు ఆమె ముఖం చూశాడు. "అన్నం తినలేదు కదమ్మా మీరు."

"వచ్చి తింటా."

అతను ఇంకేం అడగకుండా బండి తీశాడు. దారి పొడుగునా కంది కోసిన చేలు, ఎర్రగా ఆరబోసిన మిరప కళ్ళాలు. మిరప ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయో, వేరే కారణమో ఆమెకే తెలియలేదు. చెప్పాల్సిన మాటలు దారంతా పేర్చుకుంటూనే ఉంది. ఎట్లా పేర్చినా ఎక్కడో ఒక చోట ఆ సంగతి బయటపడుతోంది. కాగితాలు ఎందుకు కావాలో చెప్పకుండా కాగితాలు అడగాలి. అదీ, ఎందుకు అని అడగనిదే నిద్రపట్టని మనిషిని.

కాటమరాజు ఇంటి ముందు ఆయన భార్య సుబ్బరత్నమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "ఆయన ఇంట్లో లేడమ్మా. ఆఫీసు కాడ్నించి వచ్చిందే ఆలస్యం, ఆ కాగితాలు సంకలో పెట్టుకొని టీ అంగడి కాడికి పోయినాడు. అందరికీ చదివి వినిపిస్తాడంట," అంది.

టీ అంగడి ఊరి మొదట్లోనే ఉంది. బండి ఆగగానే బెంచీల మీద ఉన్న ఆరేడుగురు తలలు తిప్పారు. వాళ్ళలో కాటమరాజు లేడు.

"ఏం మేడం, దొంగ పింఛన్లు తేల్చనీకి మీరే వచ్చినారా?" అని ఒకతను నవ్వాడు.

"కాటమరాజు గారు ఏరీ?"

"ఇప్పటిదాంక ఈన్నే ఉన్నాడు. ఒక్కో పేరు సదువుతా ఉంటే మేం ఉండారా పోయినారా అని చెప్తాన్నాం. మన ఊరి కాగితం కాడికొచ్చినాక ఏందో ఎండకు ఎత్తి చూసినాడు. అద్దాలు ఇంట్లో మర్చిపోయినాడులే. ఆడ్నే ఆగినాడు. తలకాయ నొప్పి అని కాగితాలు మడిచి లేచిపోయినాడు."

"మల్లి పేరు వస్తదని మేం కూర్చుంటే, మధ్యలో పెట్టి పోయినాడు," అన్నాడు ఇంకొకతను. "మొగుడు మహేష్ లారీ తోల్తాడు, గట్టిగా ఉన్నాడు. ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ బాగుండాయి. ఏం చూసి ఇచ్చినారు మేడం పింఛను?"

ఆ పేరు జులేఖాకు తెలుసు. రెండుసార్లు మార్కరు పెట్టి తనే దాచిన పేరు. ముఖంలో ఏ కండరమూ కదలకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో పక్కనున్న పాల్ రాజుకు కూడా తెలియలేదు.

"ఎవరి పేరు ఉందో లేదో నేను చూడందే చెప్పలేను. ఆయన యాటికి పోయినాడు?"

"సేను కాడికి. ఆ మోటారు గది ఉంది సూడు, ఆడ."

పాల్ రాజును బండి దగ్గరే ఉండమని చెప్పి, జులేఖా చేను గట్టు మీద నడిచింది. కాటమరాజు మోటారు గది నీడలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాగితాలు ఒళ్ళో లేవు. సంచి మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"వచ్చినారా మేడం. ఎవరన్నా వస్తే బాగుండని అనుకుంటానే ఉండా."

జులేఖా కొంచెం దూరంగా, గట్టు మీదున్న రాయి మీద కూర్చుంది. దారంతా పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పొద్దున మీకిచ్చిన కాగితాల్లో తప్పు జరిగింది పెద్దాయనా. తప్పు నాదే. అవి నాకు తిరిగి ఇస్తే రేపు మీకు వేరేవి ఇస్తాను. మీరడిగిన లెక్కలు ఏవీ తగ్గవు."

"ఏం తప్పు?"

"అది చెప్పలేను."

ఆయన తన పాత అలవాటు ప్రకారమే అడిగాడు, గొంతులో మాత్రం జోరు లేదు.

"ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోమని ఏ సెక్షన్లో రాసుంది మేడం?"

"యాడా రాయలేదు. మీరు ఇయ్యనంటే నేను చేయగలిగింది ఏం లేదు. అడగనీకి వచ్చినా, అంతే."

ఆ జవాబు ఆయనకు నచ్చిందో ఏమో, మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "నేనొకటి అడుగుతా. పేర్లొద్దు, కారణాలొద్దు. ఆ నల్లగీతలు గీసినయ్యి దొంగవా, న్యాయమైనవా?"

"న్యాయమైనవే. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తా."

కాటమరాజు తల ఆడించాడు. తొడ కిందినుంచి సంచి తీసి, దాంట్లోంచి కాగితాల కట్ట తీసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు.

"ఎవరన్నా ఫోన్లో ఫొటో తీసినారా?" అని అడిగింది జులేఖా.

"ఎవర్నీ ముట్టనియ్యలే. కండక్టరు తన సంచి ఎవరి చేతికిస్తాడమ్మా?"

మేడం పోయి అమ్మా అయ్యింది. మధ్యాహ్నం నుంచి జులేఖా గుండెల మీద ఉన్న రాయి ఎవరో పక్కకు దొర్లించినట్టయింది. ఇట్లాంటి పని మీద వచ్చిన చోట నవ్వకూడదని తెలుసు కానీ పెదవులు ఆగలేదు. కాగితాలు బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది.

కాటమరాజు మాత్రం నవ్వలేదు. "నీ పని అయిపోయింది. నా పనే ఉంది," అన్నాడు.

చెప్పుకొచ్చాడు. కిందటి నెల ఆయన ఊళ్ళో డబ్బులు తీసిచ్చే మినీ బ్యాంకు దగ్గర వరసలో ఉన్నప్పుడు ముందు ఒక అమ్మాయి నిలబడింది. ఫోన్లో ఏదో మెసేజ్ వస్తే చదవమని లోపలి అతనికిచ్చింది. అతను పెద్దగా చదివాడు, పింఛను జమ అయిందని. అది విని ఈయన వచ్చి టీ అంగడిలో అన్నాడు, ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లకు పింఛనేందని. అంతే. రెండు రోజుల్లో ఊరంతా పాకింది.

"ఇప్పుడా పిల్ల నీళ్ళకు వస్తే 'పింఛనమ్మ వచ్చింది' అంటన్నారంట. మా ఆడమనిషే చెప్పింది. అప్పుడు నాకు బాగనే ఉండె. నేను కదా పట్టినోణ్ణి అని." ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "ఎండకు పెట్టి సూసినాక నాకు అన్నం కూడా పోదనిపించింది. నా కూతురి ఈడు."

"ఎవరి సంగతి చెప్తున్నారో నాకు తెలీదు పెద్దాయనా," అంది జులేఖా మెల్లగా.

ఆయన ఒక్క క్షణం అర్థం కాక చూశాడు. తరవాత అర్థమైంది. "అవునమ్మా. నాకూ తెలీదు," అన్నాడు.

బోరు పైపు నుంచి కొంచెం కొంచెం నీళ్ళు కారి తొట్లో పడుతున్నాయి.

"నేనిప్పుడు పోయి చెప్తా," అన్నాడు కాటమరాజు. "ఆ పింఛను న్యాయమైనదే, నాదే తప్పు అని నలుగురిలో ఒప్పుకుంటా."

"వద్దు. అట్ల చెప్తే ఇంకా చెడ్డ. న్యాయమైనదంటే దేని కింద అని అడుగుతారు. ముసలామె కాదు, భర్త ఉన్నాడు, అవిటితనం లేదు. ఇంక మిగిలిందేందో ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే ఎవరికైనా తెలుస్తాది."

ఆ మాట అంటున్నప్పుడే జులేఖాకు ఇంకో సంగతి తట్టింది. మార్కరు గీత ఎంత చిక్కగా గీసినా సరిపోయేది కాదు. ఒక ఊరి పేరు కింద ఒక్క వరస నల్లగా ఉంటే, ఆ ఊళ్ళో పింఛను తీసుకుంటూ జాబితాలో కనపడని మనిషి ఎవరో జనం లెక్క కట్టేస్తారు. దాయాల్సింది పేరు ఒక్కటే కాదు, దాచిన చోటు కూడా. రేపు ఇచ్చేదాంట్లో నల్లగీతే ఉండకూడదు.

"రేపు ఇచ్చే జాబితాలో ముసలోళ్ళు, వితంతువులు, వికలాంగులు, అందరి పేర్లూ ఊరి వారీగా ఉంటాయి. జబ్బుల మీద ఇచ్చేవి మండలానికంతా కలిపి ఒకటే లెక్క. ఏ ఊరు అని ఉండదు," అని చెప్పింది. "మీరు దాన్ని ఈడికి తెచ్చి ఎవరికైనా చూపించుకోవచ్చు. ఎండకు పెట్టి చూసుకోమనండి, నాకేం భయం లేదు."

కాటమరాజు కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు. "అంటే రేపటి జాబితాలో..."

"రేపటి జాబితాలో ఏముంటదో రేపు చూసుకోండి."

ఆయన లేచి తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ గట్టు దిగి టీ అంగడి దగ్గరికి వచ్చారు. అక్కడ ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఉన్నారు, ఇంకో నలుగురు చేరారు కూడా.

"ఏం మామా, తలకాయ నొప్పి పోయిందా? మల్లి సంగతి చెప్పు," అన్నాడు మొదట మాట్లాడినతను.

కాటమరాజు నిలబడే మాట్లాడాడు, బస్సులో స్టాపు పేరు పిలిచినంత గట్టిగా. "పొద్దున వాళ్ళిచ్చిన కాగితాలు తప్పుతడకలుగా ఉండాయి. మేడమే వచ్చి ఒప్పుకున్నాది. రేపు సరైనవి ఇస్తారు. నేనే తెచ్చి ఈ బెంచీ మీద పెడతా, మీరే సూసుకోండి. మల్లి పేరు దాంట్లో ఉంటే నన్ను అడగండి."

"మరి మెసేజ్ వచ్చిందంటివే?"

"నేను యినింది తప్పు. ఏ గ్యాసు డబ్బులో, ఇంకేం డబ్బులో. మినీ బ్యాంకు కాడ ఫ్యాను గోలలో నాకేం ఇనపడింది? ముసిలోణ్ణి, పొరబడినా. ఆ పిల్లను ఊరికే అన్నా. ఇంక ఎవరన్నా ఆ మాట ఎత్తితే నన్ను అన్నట్టే."

టికెట్టు లేని ప్రయాణికుణ్ణి ఎన్నడూ వదలని మనిషి, అందరి ముందూ అబద్ధం ఆడేశాడు. ఆడి, ఏ తడబాటూ లేకుండా, "ఒరేయ్, మేడానికి ఒక టీ పొయ్యండి, అన్నం తినకుండా వచ్చినట్టుంది," అన్నాడు. జులేఖా ఆ టీ తాగింది. అంత తీపి టీ ఆమె ఎప్పుడూ తాగలేదు. అయినా ఇంకో సగం అడిగి తాగింది.

మర్నాడు పొద్దున ఎంపీడీవో రాగానే జరిగినదంతా చెప్పింది. ఊరి పేరు కానీ మనిషి పేరు కానీ ఎత్తలేదు. ఆయన మొదట మండిపడ్డాడు. "నాతో చెప్పకుండా ఊరిమీదికి ఎట్లా పోయినావమ్మా? వాళ్ళు వీడియో తీసి పెట్టుంటే?"

జులేఖా ఫైలు ప్రతి తీసి, ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుంది. ఆయన తల ఎత్తి చూశాడు. చూస్తూ చూస్తూ కుర్చీలో వెనక్కి ఆనాడు. "అడుగున సంతకం నాది," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

"అవును సార్. గీసింది నేను."

"అన్నీ తిరిగొచ్చినాయా?"

"అన్నీ వచ్చినాయి. లెక్క చూసినాను."

ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "సరే. కొత్తది నువ్వు చెప్పినట్టే తయారు చెయ్యి. అయ్యాక నేను చూస్తా, నేను చూశాక ఇంకొకరు చూడాల. ఇట్లాంటిది ఒక్కరి కంటి మీద వదిలితే కాదు." పాతవాటిని ఆయనే దగ్గరుండి ముక్కలు చేయించాడు. జరిగిన పొరపాటు ఫైల్లో రాయమన్నాడు. ఆమె రాసింది, ఆయన కింద సంతకం పెట్టాడు.

కొత్త జాబితా ప్రింటు అవుతుండగా ఒక అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై దాటి ఉండవు. కొంగు తల మీదికి లాక్కుని, మడిచిన కాగితం ఒకటి గుప్పిట్లో పట్టుకుని ఉంది.

"అక్కా, నిన్న మా ఊరికొచ్చిన మేడం మీరేనా?"

ఏ ఊరని జులేఖా అడగలేదు. లోపలికి పిలిచి, బీరువా పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టింది. వరండాలో ఉన్నవాళ్ళకు అక్కడ కూర్చున్న మనిషి కనపడదు.

"మా ఊరి పెద్దాయన ఏందో కాగితాలు అడిగినాడంట. వాటిల్లో... ఎవరెవరి పేర్లు ఇచ్చినారక్కా?"

"ముసలోళ్ళవి, భర్త పోయినోళ్ళవి, వికలాంగులవి ఇస్తాన్నాం. ఇంకెవరివీ ఇయ్యం. అడిగినా ఇయ్యం."

"ఎవరివీనా?"

"ఎవరివీ."

"నాది..." అని మొదలుపెట్టబోతే జులేఖా చెయ్యెత్తి ఆపింది. "నువ్వు చెప్పాల్సిన పని లేదమ్మా. నేను అడగలేదు కదా."

ఆ అమ్మాయి గుప్పిట్లో కాగితం వంక చూసుకుంది. తన పింఛను తీసేయమని అర్జీ రాయించుకుని వచ్చింది. రాయించుకోవడానికి కూడా తన ఊళ్ళో కాదు, ఎవరికీ తెలియని చోట రాయించుకోవాలని పామూరు దాకా పోయి, అక్కడున్న చిన్నమ్మ ఇంట్లో ఒక రాత్రి ఉండి వచ్చిందట. నిన్న సాయంత్రం ఊళ్ళో దిగితే టీ అంగడి దగ్గర జనం, అందరూ కాటమరాజునే తిడుతున్నారు, ముసలోడు ఊరికే పిల్లను అన్నాడని. ఏం జరిగిందో అర్థం కాలేదు. నమ్మాలో వద్దో తెలియక పొద్దున మొదటి బస్సుకు వచ్చింది.

"ఇది మీకు ఇయ్యాల్నా వద్దా అక్కా?"

"నాకిస్తే ఆ క్షణమే ఇన్‌వార్డు రిజిస్టర్లో ఎక్కించాల. ఎక్కిస్తే నలుగురి చేతుల మీదుగా పోతాది. నీ పింఛను నీది. నీ ఖర్చులకు అదే కదా. ఈ కాగితం నీ దగ్గరే పెట్టుకో."

అమ్మాయి కాగితాన్ని జాకెట్లో దోపుకుంది. అట్లాగే కూర్చుని ఒక్కసారిగా ఏడ్చింది, చప్పుడు లేకుండా. జులేఖా తన బాటిలు తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "నీళ్ళన్నీ తాగేసినానే," అని సిగ్గుపడి నవ్వింది. జులేఖాకు చటుక్కున కళ్ళు తడి అయ్యాయి. ఆ బాటిలు వెనక్కి తీసుకుని, అడుగున మిగిలిన ఒక్క గుక్క తను తాగి, మూత పెట్టింది. ఆ అమ్మాయి అది చూసింది. చాలాసేపు ఆ బాటిలు వైపే చూస్తూ కూర్చుంది.

లేచి గుమ్మం దాటుతుండగా కాటమరాజు మెట్లెక్కుతూ ఎదురయ్యాడు. జులేఖా ప్రింటరు దగ్గరే కదలకుండా నిలబడిపోయింది. మల్లి తల దించుకుంది. ఆయన ఆగాడు.

"ఏంది మల్లీ, ఈ ఎండలో గొడుగన్నా లేకుండా వచ్చినావే. మహేష్ ట్రిప్పు నించి వచ్చినాడా?"

"రేపొస్తాడు మామా."

"వస్తే ఇంటికి రమ్మను. మీ అత్త మిరపకాయలు ఇస్తాదంట. ఈ ఏడు మావి బాగా వచ్చినాయి. పదకొండు గంటల బస్సు ఉంది, పో, ఆలస్యమైతే నిలబడాల్సి వస్తాది మళ్ళీ."

మల్లి తల ఎత్తి ఆయన ముఖం చూసింది. ఏం వెతికిందో, అది కనపడలేదు. ఊళ్ళో పెద్దాయన ఊరి కోడలితో మాట్లాడే మాటలే అవి. చెప్పులు తొడుక్కుని, కొంగు భుజానికి సర్దుకుని, బస్టాపు వైపు గబగబా నడిచింది.

కాటమరాజు లోపలికి వచ్చి కొత్త జాబితా తీసుకున్నాడు. ఒక్కో కాగితం కిటికీ దగ్గరికి పోయి వెలుగుకు పెట్టి చూశాడు. ముందూ వెనకా చూశాడు. చూసి, అందినట్టు సంతకం చేశాడు.

"దీంట్లో ఒకటి పట్టినానమ్మా," అన్నాడు వెళ్ళబోతూ.

జులేఖా చటుక్కున తల ఎత్తింది. "ఏంది?"

"మా ఊళ్ళో పిచ్చయ్య పోయిన సంవత్సరమే పోయినాడు. ఇంకా ఆయన పేర పింఛను ఉంది. దీని మీద రేపు ఇంకో దరఖాస్తు పెడతా."

"పెట్టండి పెద్దాయనా," అంది జులేఖా, నవ్వు ఆపుకోలేక. "తప్పకుండా పెట్టండి."

ఆ సాయంత్రం మార్కాపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కంభం దాటడం ఆమెకు తెలుసు. బేస్తవారిపేటలో ఎవరో మేకపిల్లను ఎక్కిస్తామంటే కండక్టరు గొడవపడటం కొంచెం వినపడింది. ఆ తరవాత ఏమీ తెలియదు. ఎవరో భుజం దగ్గర సీటు మీద తట్టి, "అమ్మా, అందరూ దిగి శానాసేపయింది, బస్సు డిపోకు పోతాంది," అంటే కళ్ళు తెరిచింది. బస్టాండు దీపాలు వెలిగి ఉన్నాయి. కింద అఫ్రోజ్ బండి స్టాండు వేసి, ఖాళీ బస్సు కిటికీల్లో ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు.